తోట నుంచి ఫోను

మా వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో మనసు జబ్బు వచ్చిందని తనకు తానే కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా కడప బస్సెక్కి, డాక్టరు ఎదుట కూర్చొని "అమ్మా, నాకు ఫలానా జబ్బు, మందు రాయి" అని చెప్పిన మొనగాడు ఎవడైనా ఉంటే అది నేనే. డెబ్బై దాటిన వయసులో ఆ పని చేశాను. చదివేవాళ్ళకు కాస్త ధైర్యం వస్తుందని ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఇందులో ఎంత నిజమో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

ఏదో తేడాగా ఉందని మొదట అనిపించాల్సిన రోజు, నా భార్య సుబ్బమ్మ దినాలు అయిపోయి బంధువులంతా వెళ్ళిపోయిన మరునాడు. ఉదయం పూట. వంటింట్లో పప్పు డబ్బా పక్కన చార్జింగులో ఉన్న ఆమె ఫోను మోగింది. బటన్ల ఫోను. తీసి చూస్తే తెర మీద పేరు కనపడింది: తోట.

మా ఇంట్లో పోయినవాళ్ళను సొంత చేలోనే పూడ్చడం ఆచారం. మా నాయన, అమ్మ అక్కడే ఉన్నారు. సుబ్బమ్మనూ వాళ్ళ పక్కనే, మా చీనీ (బత్తాయి) తోటలో, బోరుకు నాలుగడుగులు ఇవతల పూడ్చి పైన బండ పరిచాము. ఆ తోట నుంచి ఆమెకే ఫోను వస్తోంది.

సేద్యం తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇప్పుడు బోరు మోటార్లకు ఒక పెట్టె బిగిస్తున్నారు. అందులో సిమ్ కార్డు ఉంటుంది. త్రీ ఫేజు కరెంటు వచ్చిందంటే ఆ పెట్టే రైతుకు ఫోను చేస్తుంది. ఎత్తితే ఒక ఆడగొంతు, రికార్డు చేసిపెట్టిన గొంతు, కరెంటు వచ్చిందని చెప్పి, మోటారు వేయాలంటే ఒకటి నొక్కమంటుంది. నొక్కితే తోటలో నీళ్ళు పడతాయి. నా కొడుకు ప్రసాదు ఆ పెట్టెకు నా నంబరు ఇవ్వలేదు. నేను ఎప్పుడు ఎక్కడ ఉంటానో వాడికి తెలుసు. వాళ్ళమ్మ నంబరు ఇచ్చాడు. ఆమె ఫోనులో ఆ పెట్టె నంబరుకు 'తోట' అని పేరు పెట్టి ఇచ్చాడు.

ఆ ఉదయం ఫోనెత్తాను. ఆ రికార్డు గొంతు మొదలయ్యే ముందు కొంచెంసేపు ఏమీ ఉండదు. గాలి హోరులాంటి చప్పుడు ఒకటి ఉంటుంది. ఆ హోరులో సుబ్బమ్మ అడిగింది.

"యాడుండావు?"

మా ఇంట్లోకి ఫోన్లు వచ్చిన నాటి నుంచీ ఆమె నాతో ఫోనులో మొదట అనే మాట అదే. హలో అనేది కాదు. నేను వేంపల్లె టీ కొట్టులో నలుగురిని చుట్టూ కూర్చోబెట్టుకొని, నా పడుచుతనంలో పాపఘ్ని వరదను ఎద్దుల బండితో ఎలా దాటానో చెప్తూ ఉండేవాణ్ణి. ఫోను మోగేది. "యాడుండావు?" "వస్తాండా, ఊరి మొగదల ఉండా." ఊరి మొగదలకు, అంటే ఊరి మొదటికి, అక్కడి నుంచి ఇంకా ఆటో ఎక్కాలి. ఆమెకు అది తెలుసు. "ఆ ఊరి మొగదల టీ గ్లాసుల సప్పుడు శానా వినపడతాండాదే" అనేది. నేను మూడోసారి "వస్తాండా" అన్నాకే సంగటికి ఎసరు పెట్టేది.

అందుకే ఆ ఉదయం నేను ఆలోచించలేదు. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది. "వస్తాండా" అన్నాను. ఒకటి నొక్కాను. తోటలో మోటారు పడింది.

నాకు భయం వేయలేదు. భయం వేయాల్సిన చోట హాయిగా అనిపించింది. అది మంచి గుర్తు కాదని ఆ రోజు నాకు చెప్పేవాళ్ళు లేరు, ఎవరికీ చెప్పుకోలేదు గనక.

పరామర్శకు వచ్చినవాళ్ళకు మాత్రం వేరే కథ చెప్పేవాణ్ణి. సుబ్బమ్మ నా ఒళ్ళోనే పోయిందని చెప్పాను. నా ఒళ్ళో తల పెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని "తోట జాగ్రత్త" అనిందని చెప్పాను. కమలాపురం నుంచి వియ్యంకులు వచ్చేసరికి ఆ కథలో ఆమె నా చేతి మీదుగా తులసి తీర్థం కూడా తాగింది. నేను చెప్తుంటే నా కోడలు లీలావతి, అప్పుడు కడుపుతో ఉంది, గోడకు ఆనుకొని నిలబడి వినేది.

తర్వాత ఆ అమ్మాయి కాన్పుకు కమలాపురం పుట్టింటికి వెళ్ళింది. ప్రసాదుకు తుమ్మలపల్లె గనిలో షిఫ్టు పని. ఇంట్లో నేనూ, ఆ ఫోనూ మిగిలాము.

కరెంటు పోతూ వస్తూ ఉంటుంది గదా, వచ్చినప్పుడల్లా ఫోను. రింగు ఆగకముందే ఎత్తాలి. అది నాకు ఒక నియమమైపోయింది. స్నానం చేసేటప్పుడు ప్లాస్టిక్ కవరులో చుట్టి దండెం మీద పెట్టుకునేవాణ్ణి. నా సొంత ఫోను ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. టీ కొట్టుకు పోవడం మానేశాను, అక్కడ చప్పుడులో రింగు వినపడదేమోనని. ఆమె మాటలూ పెరిగాయి. "యాడుండావు" తర్వాత "బీపీ మాత్ర ఏసుకున్న్యావా" అనేది. "బర్రెకు కుడితి పెట్టినావా" అనేది. బర్రెను అమ్మేసి చాలా కాలమైంది. ఐనా "పెట్టినా" అనేవాణ్ణి.

ప్రతిసారీ ఒకటి నొక్కేవాణ్ణి. ఆపడానికి రెండు నొక్కాలి. దానికి నేనే ఫోను చేయాలి. నేను చేస్తే ఆమె ఎత్తకపోతే? అందుకే చేసేవాణ్ణి కాదు. కరెంటు పోయేదాకా తోటలో నీళ్ళు పారుతూనే ఉండేవి. చీనీ చెట్టుకు పాదులో నీళ్ళు నిలిస్తే పడదు. మొదట ఆకు పసుపు తిరిగింది. తర్వాత మొదళ్ళలో జిగురు కారింది. నీళ్ళకు కరువున్న మా సీమలో, మా చెట్లు నీళ్ళెక్కువై చావడం మొదలుపెట్టాయి. ప్రసాదు షిఫ్టు దిగి తోటకు పోయి వచ్చి, బురద కాళ్ళతో వాకిట్లో నిలబడ్డాడు.

"నాయనా, చెట్లకు నీళ్ళు పెడ్తాండావా, చేపలు పెంచుతాండావా?"

"మీయమ్మ ఏయమనింది."

వాడు నవ్వబోయి ఆగాడు. నా ముఖం చూశాడు. అప్పటికి నా చొక్కా నా మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఒక పూట తింటే రెండు పూటలు మరిచిపోయేవాణ్ణి. వాడు ఫోను తీసుకొని, వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి తీసి, ఫోను ఒక చోట బ్యాటరీ ఒక చోట అటక మీద పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది. అటక మీద కాదు, నా తలలో కుడి చెవి వెనక. ఎత్తడానికి ఏమీ లేదు. ఎత్తకపోయినా ఆమె అడిగింది.

ప్రసాదు, బంధువులు చేయగలిగిందంతా చేశారు. తాయెత్తు కట్టించారు. ఊళ్ళో మందులిచ్చే ఆయన "వయసు మీద పడింది, బలానికి సూది ఏస్తా" అని వేశాడు. బలం వచ్చింది. ఆ బలంతో నడిచి తోటకు పోయాను.

ఎండాకాలం. మా కడప ఎండలో బండ ఎలా కాలుతుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. సుబ్బమ్మ మీద పరిచిన బండ పక్కన పొద్దున కూర్చున్నాను. పొద్దెక్కింది. దప్పికైంది, లేవబుద్ధి కాలేదు. ఆమె అడుగుతూనే ఉంది, నేను చెప్తూనే ఉన్నాను. తర్వాత బండ మీద పడుకున్నాను. వీపు కాలడం తెలిసింది గానీ అది ఇంకెవరి వీపో అనిపించింది.

అక్కడ నన్ను చూసినవాడు యేసోబు. మా పక్క చేను వాడిది, ఆటో నడుపుతాడు. నాకంటే కొన్నేళ్ళు చిన్న. వాళ్ళ తాతల నాటి నుంచీ క్రైస్తవులు, మా ఊరి చర్చి కట్టిన రాళ్ళు వాళ్ళ తాతే మోశాడంటాడు. ఆ మాటలో ఎంత పెంచాడో నాకు తెలియదు, పెంచడంలో నేను గురువును. వాడు నన్ను ఎత్తి భుజాన వేసుకున్నాడు.

కాబట్టి మొదట్లో నేను రాసిన మాట దిద్దుకుంటున్నాను. ఒంటరిగా బస్సెక్కలేదు. అది బస్సు కాదు, యేసోబు ఆటో. ఎక్కలేదు, ఎక్కించారు. ఫలానా జబ్బు అని చెప్పలేదు. "ఫోనెత్తండి, ఫోనెత్తండి" అని దారి పొడుగునా అరిచానట. వాంతి కూడా చేసుకున్నానట, యేసోబు సీటు మీద. వాడు దాన్ని ఇప్పటికీ మరిచిపోనివ్వడు.

కడపలో ముందు సెలైన్ ఎక్కించారు. సోడియం తక్కువుందన్నారు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, థైరాయిడ్, బీ ట్వెల్వ్, తలకు సీటీ స్కాన్. స్కానులో ఏమీ లేదన్నారు. ప్రసాదుకు అది సంతోషం, నాకు కొంచెం అవమానం. అంత గొంతు వినపడుతుంటే తలలో ఏమీ లేకపోవడమేమిటి. చివరికి సైకియాట్రీకి పంపారు.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటే వేలితో పైకి తోసుకుంటూ ఉండేది. ప్రసాదును బయట కూర్చోమనింది. యేసోబు నా వెనక గోడకు నిలబడ్డాడు. వాణ్ణీ పొమ్మంటే, "ఈయన అబద్ధాలు చెప్తాడమ్మా, నేనుండల్ల" అన్నాడు. ఆమె నన్ను అడిగి ఉండనిచ్చింది.

"తాతా, ఆమె ఏమంటుంది?"

"యాడుండావు అంటాది."

"మీరేమంటారు?"

"వస్తాండా అంటా."

"వస్తాండా అంటే ఎక్కడికి?"

నేను నవ్వాను. "తోటకమ్మా. చీనీకాయలు కావల్నంటే నీకూ తెస్తా."

ఆమె నవ్వలేదు. కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "చనిపోవాలని అనిపిస్తోందా తాతా?"

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం. నిజానికి ఆమె అలా సూటిగా అడిగాక నాకు నోట్లో నీళ్ళు పోసినట్టయింది.

"చావాలని లేదమ్మా. పోవాలని ఉండాది."

ఆమె దాన్ని అలాగే రాసుకుంది. తర్వాత, సుబ్బమ్మ పోయిన రోజు పక్కన ఎవరున్నారని అడిగింది. నేను నా ఒడి కథ అందుకున్నాను. తులసి తీర్థం దాకా వచ్చాను. వెనక నుంచి యేసోబు దగ్గాడు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు నా ఆటోలో ఉండావు గదా."

ఇక నిజం చెప్పాను. ఆ రోజు నేను వేంపల్లె టీ కొట్టులో ఉన్నాను. వరదలో ఎద్దుల బండి కథ సగంలో ఉంది. సుబ్బమ్మ ఫోను చేసింది. "యాడుండావు?" అనింది, గొంతు కొంచెం సన్నగా ఉంది. "వస్తాండా, ఊరి మొగదల ఉండా" అన్నాను. ఫోను పెట్టేసి, బండిని వరద దాటించి, టీ తాగి, యేసోబు ఆటో ఎక్కాను. ఇంటికి వచ్చేసరికి వంటింట్లో ఆమె పడి ఉంది. గుండెపోటన్నారు. ఆమె తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది లీలావతి. ఆ ఒడి నాది కాదు.

"ముందే వచ్చుంటే బతికేదామ్మా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చెప్పలేను తాతా. బతికేదని చెప్పను, బతకదనీ చెప్పను" అనింది. వచ్చినవాళ్ళంతా "నీ చేతుల్లో ఏముంది" అన్నారు. ఆ మాట నాలో ఎక్కడా దిగలేదు. ఈ పిల్ల చెప్పింది దిగింది.

నా జబ్బు పేరు డిప్రెషన్ విత్ సైకోటిక్ సింప్టమ్స్, అంటే దిగులు ముదిరి లేనివి వినపడే జబ్బు. ప్రసాదును లోపలికి పిలిచి ఆమె చెప్పిన మాటలు నాకు గుర్తున్నంతలో ఇవి. "భార్యో భర్తో పోయినవాళ్ళకు వాళ్ళ గొంతు వినపడటం కొత్త కాదు. అదొక్కటే అయితే నేను మందు కూడా రాసేదాన్ని కాదేమో. ఈయన తిండి మానేశారు, వెళ్ళిపోవాలనుకుంటున్నారు. దానికి మందు. అడ్మిట్ చేద్దాం."

వార్డులో నేను చాలా క్రమశిక్షణగా ఉన్నానని రాద్దామనుకున్నాను. ఉండలేదు. మాత్ర మింగితే సుబ్బమ్మ గొంతు పోతుందని నా భయం. చిగురుకూ చెంపకూ మధ్య దాచుకొని, సిస్టరు పోయాక తీసి దిండు కింద పెట్టేవాణ్ణి. దిండు మార్చడానికి వచ్చిన సిస్టరు అవన్నీ అరచేతిలో పోసి చూపించింది.

"దిండుకు డిప్రెషన్ తగ్గిపోయింది తాతా. మీకెప్పుడు తగ్గిద్దాం?"

ఆ తర్వాత నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేవాళ్ళు. మందు పని చేయడానికి వారాలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి, టీ కప్పు పట్టుకుంటే సాసరులో వాన పడినట్టు చప్పుడు. గొంతు పోలేదు గానీ దూరం జరిగింది, పక్క గదిలోకి పోయినట్టు.

ఇంటికి పంపేటప్పుడు ప్రసాదు అడిగాడు, ఆ ఫోను పారేయమంటారా అని.

"పారెయ్యమని నేను చెప్పను," అనింది డాక్టరమ్మ. "ఒంటరిగా మాత్రం ఎత్తొద్దు. పక్కన ఒక మనిషి ఉన్నప్పుడే ఎత్తండి. ఆమె ఏమందో ఆ మనిషికి పైకి చెప్పండి. రోజుకు ఒక్కసారి చాలు."

ఆ మనిషి పని యేసోబు తీసుకున్నాడు. ఎవరూ అడగలేదు. పొద్దున బడిపిల్లలను దించేసి, ఆటో మా వాకిట్లో ఆపి, అరుగు మీద కూర్చునేవాడు. ఫోను వాడి దగ్గరే ఉండేది. మోగితే స్పీకరు పెట్టేవాడు. ఇద్దరం తలలు ఆనించి వినేవాళ్ళం. హోరు, తర్వాత ఆ రికార్డు గొంతు. ఒకటి నొక్కేవాడు. తర్వాత మరిచిపోకుండా రెండు నొక్కడం కూడా వాడి పనే.

"నాకు కరెంటు వచ్చిందనే వినపడింది," అనేవాడు. "నీకేమనింది?"

లేదని అనలేదు. పిచ్చి అని అనలేదు. ఏమనిందో చెప్పమనేవాడు. నేను చెప్తే తల ఊపి, కొంచెంసేపు కూర్చొని, ఒక్కోసారి ప్రార్థన చేసి పోయేవాడు. వాడు ప్రార్థన చేస్తే నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. ఒక కన్ను. రెండో కన్ను ఫోను మీద.

ఒకనాడు ప్రార్థన మధ్యలో వాడు ఆగిపోయాడు. ఎంతసేపటికీ ఆమెన్ రాలేదు. చూస్తే గడ్డం మీద నీళ్ళు.

"ఏమప్పా?"

"నా మార్తమ్మ పోయి నాలుగు కిస్మసులయిందన్నా. ఒక్కసారి గూడా పిలవల్యా నన్ను." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్ను చూసి శానాసార్లు కుళ్ళుకున్న్యా. దేవుడు క్షమించల్ల."

వాడి భార్య మార్తమ్మ పోయినప్పుడు నేను వాళ్ళింటికి పోయి, అరగంట కూర్చొని, మా నాయన చావు గురించి గొప్పగా చెప్పి వచ్చాను. ఆ చావు ఇంట్లో వాడి మాట వినలేదు. ఆ పొద్దు విన్నాను. మార్తమ్మకు కోడిపులుసులో చింతపండు ఎక్కువ వేసే అలవాటుండేదట. మధ్యాహ్నం దాకా వాడు చెప్తూనే ఉన్నాడు, ఆటో బేరం పోగొట్టుకొని.

ఇక్కడితో బాగైపోయానని చెప్పాలని ఉంది. ఆ మాటే టీ కొట్టులో చెప్పాను. తిండి సయించింది, ఒళ్ళు తేరింది. నోరెండటం నాకు పడలేదు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. జబ్బును కాలి కింద వేసి తొక్కానని నలుగురిలో చెప్పుకున్నాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం గోడలో నుంచి రింగు వినపడింది. బియ్యం డబ్బా మూత తీస్తే అందులో నుంచి. ఫోను యేసోబు జేబులో, వాడు వేంపల్లెలో. నేను బియ్యమంతా నేల మీద పోసి వెతికాను. ఆ బియ్యంలో చేతులు పెట్టుకొని కూర్చున్న నన్ను ప్రసాదు చూశాడు. ఆ రోజు వాడి ముఖంలో చూసింది మళ్ళీ చూడకూడదని నేను ఇప్పటికీ మాత్ర వేసుకుంటున్నాను.

"రిలాప్స్, జబ్బు తిరగబెట్టింది," అనింది డాక్టరమ్మ. "మందులు మీరు మానారా, వాటంతటవే మానాయా తాతా?"

"నేనే."

"నిజం చెప్పారు. సగం పని అయింది." మందు మార్చి, డోసు పెంచింది. ఫాలోఅప్‌కు తప్పకుండా రమ్మంది.

లీలావతి పాపను తీసుకొని వచ్చింది ఆ తర్వాతే. ఆడపిల్ల. సుబ్బమ్మ బతికి ఉండగా తన పాత నూలు చీరలన్నీ కత్తిరించి, పుట్టబోయే బిడ్డకని బొంతలు కుట్టి పెట్టింది. కళ్ళు సరిగా కనపడక కుట్లు వంకరగా పోయేవి. "పుట్టేది మనవరాలే" అని ఊరందరికీ చెప్పేది. పాపను ఆ బొంతలో చుట్టి నా పక్కన అరుగు మీద పడుకోబెట్టారు.

ఆ పొద్దున ఫోను మోగింది. యేసోబు స్పీకరు పెట్టాడు. అప్పుడే పాప లేచి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే నేను విన్నాను.

"ఏమనింది?"

"యాడుండావు అనింది."

"ఇంగా?"

"మాత్ర ఏసుకున్న్యావా అనింది. అంతే."

యేసోబు పాపను చూశాడు, ఫోనును చూశాడు. "పాపనడిగిందా?"

నేను పాప వైపు చూశాను.

"పక్కన ఇంత ఏడుపు ఏడుస్తాంది గదన్నా. ఎవురు ఏడిసేది అని గూడా అడగల్యా?"

"అడగల్యా."

"సుబ్బమ్మక్క అడక్కుండా ఉండే మనిషేనా? ఆమె అయితే నిన్ను యాడుండావని అడుగుతాదా? పాప ఎట్లుండాది, ఎవురి పోలిక అని అడుగుతాది. నువ్వు యాడుంటే ఆమెకేం."

అంతే అన్నాడు. నేను అంతవరకు ఆమె చెప్పిన మాటలన్నీ మనసులో ఒకసారి తిప్పి చూశాను. ఒక్క కొత్త మాట లేదు. బర్రె అమ్మేసిన సంగతి ఆమెకు తెలుసు, దాన్ని అడిగింది. చెట్లు చచ్చిన సంగతి అడగలేదు. పాపను అడగలేదు. అన్నీ నేను ఎప్పుడో విన్న మాటలే. ఆ ఫోనులో ఉన్నది నేనే, నాకు గుర్తున్నంత సుబ్బమ్మే. నిజం సుబ్బమ్మ బండ కింద ఉంది, ఆమెకు మనవరాలు పుట్టిందని తెలియదు. ఆ రోజు నాకు ఆమె పోయింది. దినాల రోజు పోలేదు.

ఏడ్చాను. పాప ఆపింది గానీ నేను ఆపలేదు. లీలావతి వంటింట్లో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతవరకు ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అడగలేదు. అడిగితే నా ఒడి కథ కూలిపోతుంది. ఆ రోజు అడిగాను.

"నీ ఒళ్ళో తలపెట్టి ఏమనిందమ్మా మీయత్త?"

లీలావతి కింద కూర్చొని పాపను తీసుకుంది. "నొప్పి అనింది. నీళ్ళు తాపినా. నీకు ఫోన్ జేసి పెట్టేసినాక, సంగటికి ఎసరు పెట్టనా అత్తా అన్న్యా, ఏం మాట్లాడల్నో తెలీక. 'ఇప్పుడే పెట్టొద్దుమే, ఇంగా టీ కొట్టుకాడనే ఉండాడు' అనింది. నవ్వింది మామా. ఆనెంక మాట్లాడల్యా."

ఆ మాటతో నేను ఏం చేయాలో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. కానీ అది కొత్త మాట. సుబ్బమ్మ అన్న మాటల్లో నాకు తెలియనిది అదొక్కటే.

ఆ వారంలోనే పెట్టెలో నంబరు మార్పించాము. ఇప్పుడు తోట నుంచి ఫోను లీలావతికి వస్తుంది. ఒకటీ ఆమే నొక్కుతుంది, రెండూ ఆమే నొక్కుతుంది. చచ్చిన చెట్లు పెరికించాము. మిగిలినవి ఈ ఏడు కాపు పట్టాయి. సుబ్బమ్మ ఫోను బొంతలు పెట్టే ట్రంకులో ఉంది. మాత్ర రోజూ వేసుకుంటాను, లీలావతి ఎదుట, నాలుక ఎత్తి చూపించి. యేసోబు ఇప్పటికీ పొద్దున వస్తాడు. ఇప్పుడు ఎక్కువ మాట్లాడేది వాడే.

నాలాంటివాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. వినపడేది వినపడినట్టు, అనిపించేది అనిపించినట్టు ఒక మనిషికి పైకి చెప్పండి. రోజూ ఒకే మనిషికి చెప్తే ఇంకా మేలు, మాట మారితే వాళ్ళు పట్టుకుంటారు. పోవాలనిపిస్తే మాత్రం ఆ రోజే చెప్పండి, ఆ రోజే ఆసుపత్రికి పోండి. ఒంటరిగా బస్సెక్కాల్సిన పని లేదు, ఎవరి ఆటో అయినా పర్వాలేదు.

చివరగా, నాకు ఆ గొంతు ఇప్పుడు అసలు వినపడటం లేదు. పూర్తిగా నయమైంది.

నేను చెప్తుంటే ఇదంతా ఫోనులో తెలుగులో కొట్టిపెడుతున్నది లీలావతి. ఇక్కడికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

"ఇది నేను కొట్టను మామా."

"ఏంటికి?"

"అబద్ధం గనక. మొన్న నేను పాపకు నీళ్ళు పోస్తాంటే నా ఫోను మోగింది. తోట అని చూసి నువ్వే ఎత్తినావు. ఎత్తి ఏమన్న్యావో నేను విన్న్యా. 'ఇంట్లో ఉండా, అనపకాయల గింజలు ఒలుస్తాండా' అన్న్యావు. ఇంట్లోనే ఉండావు, అనపకాయలే ఒలుస్తాండావు. అత్త యాడుండావని అడిగితే నువ్వు నిజం చెప్పింది అదొక్కసారే. వినపళ్ళేదని రాస్తే, ఇంగా వినపడేవాళ్ళు తమకే తగ్గల్యా అనుకుంటారు. దాన్ని తీసేసి ఇది చెప్పు, కొడతా."